పూడ్చిన బోదె

"వాల్వు తిప్పాక నీళ్ళు ఎంతసేపటికి వచ్చాయి తావూజీ?"

రామ్‌మెహర్ హుక్కా గొట్టం నోట్లోంచి తీసి పక్కన పెట్టాడు. డెబ్భై దాటిన రైతు, ఊరందరికీ తావూజీ, అంటే పెదనాన్న. ఈ ప్రశ్నకి పోలీసులకి ఒకసారి, పైపు కాంట్రాక్టరు పంపిన మనిషికి ఒకసారి జవాబు చెప్పి ఉన్నాడు. మూడోసారి కూడా మాట పొల్లుపోకుండా అదే చెప్పాడు.

"ఎప్పట్లాగే. చక్రం తిప్పి వచ్చి గట్టు మీద కూర్చున్నా. చిలుం తాగడం అయ్యేసరికి నీళ్ళు మెల్లగా పాక్కుంటూ వచ్చాయి. అప్పటికి పొద్దు వాలింది. గోధుమ చేను తడిసేదాకా అక్కడే ఉన్నా. అరుపులు వినలేదు, ఎవర్నీ చూడలేదు. మర్నాడు పొద్దున ఆ పిల్లాడు టాంకులో తేలాడని ఊళ్ళో చెప్పుకుంటే విన్నా."

ప్రశ్న అడిగిన సుభాషిణి తలూపింది. ఆమె పక్కన నులక మంచం మీద కూర్చున్న జెనీఫర్ మాత్రం ముసలాయన ముఖం మీంచి చూపు తిప్పలేదు.

చనిపోయినవాడి పేరు సాకేత్. జగిత్యాల కుర్రాడు. ఆరేళ్ళు ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో సివిల్స్‌కి చదివాడు. అటెంప్టులు అయిపోయాక ఇంటికి ముఖం చూపించలేక, రణ్‌ఖేడాలో రైతుల నీటి సంఘానికి ఫీల్డ్ ఆఫీసరుగా చేరాడు. నజఫ్‌గఢ్ దాటాక హర్యానా సరిహద్దులో ఉన్న ఊరది. కాలువ నుంచి పొలాలకి తాతలనాటి మట్టి బోదె ఒకటి ఉండేది. సగం నీళ్ళు నేలే తాగేసేది. మిగిలిన సగాన్ని పైవాళ్ళు గండికొట్టి తిప్పుకుంటే, చివర ఉన్న రామ్‌మెహర్ లాంటివాళ్ళకి బురద మిగిలేది. సాకేత్ ఇంటింటికీ తిరిగి, కాళ్ళావేళ్ళా పడి, అందరినీ ఒప్పించాడు. మొన్న శీతాకాలం ముందు ఆ బోదెని పూడ్చేసి, దాని కింద అందరికీ కలిపి ఒకే పైపు వేశారు. ప్రతి పొలానికీ ఒక వాల్వు, ప్రతి ఇంటికీ ఒక వంతు.

నాలుగు రోజుల కిందట ఆ పైపు మొదట్లో ఉన్న సిమెంటు టాంకులో సాకేత్ శవం తేలింది. శుభ్రం చేయడానికి దిగి జారిపడ్డాడన్నారు పోలీసులు.

"తనకి నీళ్ళంటే భయం ఆంటీ," అని చెప్పింది జెనీఫర్, మొదటిసారి లక్ష్మీనగర్‌లో సుభాషిణి డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చినప్పుడు. నరసాపురం పిల్ల. ఢిల్లీలో స్టాఫ్ నర్సు. సాకేత్, తనూ వచ్చే నెల రిజిస్టర్ పెళ్ళి చేసుకోవాలనుకున్నారు. "ఈత రాదు. ఆ టాంకు అంచుకి కూడా వెళ్ళేవాడు కాదు. ఇంకోటి. మార్చురీలో తన చేతులు నేను చూశాను. వేళ్ళకి మసక తెల్లగా ఏదో గట్టిగా అంటుకుపోయి ఉంది. స్పిరిట్‌తో తుడిచినా పోలేదు."

ఆ రోజు ఆ పిల్లని వెంటబెట్టుకొచ్చింది సదాశివరావు గారు. ద్వారకాలో తెలుగువాళ్ళకి పెద్దదిక్కు. సాకేత్‌కి ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. ఫీజు తానే ఇస్తానన్నాడు. "ఈ పిల్ల తట్టుకోలేదమ్మా. ఏం తెలిసినా ముందు నాకు చెప్పండి," అన్నాడు.

సుభాషిణి లేచింది. పదేళ్ళు ఢిల్లీ పోలీసులో సబ్ ఇన్‌స్పెక్టరుగా చేసి మానేసిన మనిషి. లేచి నిలబడే తీరులో ఆ ఉద్యోగం ఇంకా ఉంది.

"మీ వాల్వు ఒకసారి చూపించండి తావూజీ."

"అందులో చూడ్డానికేముంది?"

"ఏం లేకపోతే మరీ మంచిది."

ఇంటి వెనక నుంచే పొలం. గోధుమ మోకాలెత్తు ఉంది. మూల మీద సిమెంటు దిమ్మ, దాని మీద నీలం చక్రం. రామ్‌మెహర్ దిమ్మకి రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. సుభాషిణి వంగి చక్రాన్ని రెండు చేతులతో తిప్పింది.

బుస్సుమని నీళ్ళు ఎగజిమ్మాయి. ఆమె కుర్తా ముందువైపంతా తడిసిపోయింది. ముసలాయన అదిరిపడి వెనక్కి తూలాడు.

సుభాషిణి చక్రం బిగించింది. ముఖం తుడుచుకుని అతని వైపు తిరిగింది.

"మా తాతగారిది పాలకొల్లు దగ్గర చేను. చిన్నప్పుడు నేనూ బోదె గట్టున కూర్చున్నదాన్నే. ఎగువన తూము ఎత్తితే, ఎండిన మట్టిని తడుపుకుంటూ, ఆకుల్ని తోసుకుంటూ నీళ్ళు మెల్లగా వస్తాయి. మీరు చెప్పింది ఆ నీళ్ళ సంగతి తావూజీ. ఇది పైపు. ఎప్పుడూ నిండే ఉంటుంది. తిప్పిన క్షణంలో ముఖాన కొడుతుంది. ఇది వచ్చాక మీరు ఒక్కసారైనా నీళ్ళు కట్టారా?"

రామ్‌మెహర్ ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

"ఆ సాయంత్రం మీ చేను తడిసింది. పోలీసులు చూశారు, ఊళ్ళోవాళ్ళూ చూశారు. తడిపింది మీరు కాదు. మరి ఎవరు?"

"నేనే."

"మళ్ళీ అబద్ధం."

"నేనేనని చెప్తున్నా కదా! రాసుకో, తీసుకెళ్ళి జైల్లో పెట్టు!" ముసలాయన అరిచాడు.

"బాపూ, ఇక చాలు."

వెనకనుంచి వచ్చిందా మాట. పశువుల పాక పక్కన పాతికేళ్ళ ఆడమనిషి నిలబడి ఉంది. ముఖం మీదికి గడ్డం దాకా చున్నీ లాగి ఉంది. రామ్‌మెహర్ కోడలు సుమన్. భర్త లారీ డ్రైవరు, నెలకి రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఆ ఇళ్ళలో కోడళ్ళు మామగారి ముందు నోరు విప్పరు. సుమన్ నోరు విప్పడమే కాదు, నడిచి వచ్చి ముఖం మీది చున్నీ వెనక్కి తీసేసింది. రామ్‌మెహర్ చప్పున తల పక్కకి తిప్పుకున్నాడు.

"నీళ్ళు కట్టింది నేను దీదీ. పైపు వచ్చినప్పటినుంచీ నేనే కడుతున్నా. బాపూకి కళ్ళు సరిగా కనబడవు."

"ఆ సాయంత్రం ఏం జరిగింది?"

"మొదట బాగానే వచ్చాయి. కాసేపటికి ధార సన్నబడిపోయింది. నా వంతులో పైనెవరో వాల్వు తిప్పారనుకున్నా. గొడవ పెట్టుకుందామని పూడ్చిన బోదె మీదుగా పైకి నడిచా. మసక చీకటి పడింది. టాంకు దగ్గర ట్యాంకరు ఒకటి ఆగి ఉంది, లైట్లు లేవు. మాటలు వినబడి ఆవ చేలో కూర్చుండిపోయా." ఆమె జెనీఫర్ వైపు చూసి, చూపు దించుకుంది. "ఒకటి సాకేత్ భయ్యా గొంతు. కోపంగా ఉన్నాడు. ఇంకోటి పెద్దవయసు మనిషిది. ఆయనకి కోపం లేదు. చిన్నపిల్లాణ్ణి బుజ్జగించినట్టు మాట్లాడుతున్నాడు. ఇద్దరూ భయ్యా ఫోన్లో మాట్లాడే బోలీలోనే మాట్లాడుకున్నారు."

"తెలుగులోనా?" అంది సుభాషిణి.

"దాని పేరు నాకు తెలీదు దీదీ. మీరిద్దరూ ఇందాక కారు దిగుతూ మాట్లాడుకున్నారే, అదే."

"తర్వాత?"

"నీళ్ళలో పడిన చప్పుడు. టాంకు మీది ఇనుప మూత ధడేల్‌మని పడింది. కాలువ తూము చక్రం కిర్రుమంది. తిప్పింది ఇంకొకడు, వాడు మాట్లాడలేదు. ఆ తర్వాత..." సుమన్ ఆగింది. "లోపలినుంచి కొట్టాడు. మూత మీద. ఆగి, మళ్ళీ కొట్టాడు."

పాకలో గేదె ముక్కుతాడు గుంజకి రాసుకుంటున్న చప్పుడొక్కటే వినబడుతోంది.

జెనీఫర్ హిందీలో అడిగింది. "ఎంతసేపు కొట్టాడు?"

సుమన్ చున్నీ అంచు వేలికి చుట్టుకుంది.

"ఎంతసేపు?"

"మధ్యలో వాళ్ళు వెళ్ళిపోయారేమోనని లేవబోయా. నా కాలి కింద ఏదో విరిగింది. ఆ పెద్దమనిషి గొంతు ఇటువైపు ఏదో అడిగింది. నేను పరిగెత్తా. వెనక్కి చూడలేదు. మూత తీసి ఉంటే బతికేవాడు. నేను తీయలేదు." ఆమెకి ఏడుపు రాలేదు. ఏడ్చి ఏడ్చి అయిపోయినదానిలా పొడిగా చెప్పింది.

జెనీఫర్ దగ్గరికి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. కొట్టడానికేమోనని సుమన్ బిగుసుకుపోయింది. జెనీఫర్ చెయ్యి వదల్లేదు.

"ఆయన్ని చూశావా?" అడిగింది సుభాషిణి.

"లేదు. గొంతు మళ్ళీ వింటే మాత్రం గుర్తుపడతా."

రామ్‌మెహర్ నేలమీద కూలబడ్డాడు. "మర్నాడే మనుషులొచ్చారు బేటీ. నిన్న సాయంత్రం మీ చేలో ఎవరున్నారని అడిగారు. నేనున్నానన్నా. కోడలి పేరు బయటికొస్తే బతకనిస్తారా?"

"ఎవరి మనుషులు?"

"రావ్ సాబ్ మనుషులు. పైన గోడ కట్టిన తోట ఉందే, వాళ్ళు."

సుభాషిణి ఆ పేరు విని వదిలేసింది. ఆ చుట్టుపక్కల యాదవ పెద్దలందరినీ రావ్ సాబ్ అనే పిలుస్తారు. అలాంటి రావ్ సాబ్‌లు ఊరికి పదిమంది. ఇన్నేళ్ళుగా ఢిల్లీలో ఉన్నదానికి ఆ సంగతి బాగా తెలుసు. ఆమె ఆలోచనంతా ఆ తెలుగు గొంతు మీదే ఉంది.

ఈ ఊళ్ళో తిరుగుతున్న తెలుగువాడు ఆమెకి తెలిసి ఒక్కడే. పైపు కాంట్రాక్టరు పంపిన అర్జున్.

సుమన్‌ని అక్కడ ఉంచడం మంచిది కాదు. తాము తెచ్చిన కారులోనే జెనీఫర్‌తో పంపించేసింది. బేర్ సరాయ్‌లో జెనీఫర్‌ది ఒంటిగది. ఇరుకు సందులు, పక్కన మెస్సు, ఎప్పుడూ జనం. అక్కడెవరూ వెతకరు.

కారు మలుపు తిరిగాక సదాశివరావుకి ఫోన్ చేసింది.

"సాక్షి దొరికింది సార్. రామ్‌మెహర్ కోడలు. ఇది హత్యే."

"దేవుడా," అన్నాడాయన. "ఎవర్ని చూసిందమ్మా?"

"చూడలేదు. గొంతు వింది. తెలుగువాడట. పెద్దవయసు గొంతు అంటోంది గానీ, అంత భయంలో వయసెంతో ఎలా తెలుస్తుంది? నాకు కాంట్రాక్టరు తరఫు మనిషి అర్జున్ మీద అనుమానం. మళ్ళీ వింటే గుర్తుపడతానంటోంది."

"ఆ పిల్లని అక్కడే ఉంచకండి."

"జెనీఫర్ గదికి పంపేశాను సార్. నేనూ ఢిల్లీ బయల్దేరుతున్నా."

"మంచి పని చేశారు. జాగ్రత్తగా రండమ్మా," అన్నాడు సదాశివరావు.

రామ్‌మెహర్ చెప్పిందంతా రాసుకుని ఆమె కదిలేసరికి గంట దాటింది. బస్సు రోడ్డు మీదికి వెళ్ళాలంటే టాంకు పక్కనుంచే దారి. పోతూపోతూ ఒకసారి చూసి పోదామనుకుంది. పూడ్చిన బోదె పొడవునా కొత్త మట్టి, దాని మీద అప్పుడే మొలుస్తున్న గడ్డి. టాంకు గట్టు మీద ఎవరో నిలబడి ఫోన్లో ఫొటోలు తీస్తున్నారు.

అర్జున్. వరంగల్ వాడు. కంపెనీలకి విచారణలు చేసిపెట్టే పెద్ద ఏజెన్సీలో పనిచేస్తాడు. పోయినేడు ముఖర్జీ నగర్‌లో తప్పిపోయిన అమ్మాయి కేసులో సుభాషిణి చెప్పిన ఆచూకీ తన పేరు మీద టీవీ వాళ్ళకిచ్చేసిన ఘనుడు.

"నమస్తే మేడమ్. ఇంకా ఈడనే ఉన్నరా? కేసు రేపు మూసేస్తున్రు."

"ఎవరు చెప్పారు?"

"స్టేషన్‌ల. నేను గూడ నా రిపోర్టు రాసిన. కాలు జారిండు, మునిగిండు. గంతే. సచ్చినోడు వాపస్ రాడు. ఆ పిల్లకి లేనిపోని ఆశ ఎందుకు పెడుతున్రు?"

"పోయిన మంగళవారం సాయంత్రం నువ్వెక్కడున్నావు అర్జున్?"

అతను నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగాడు. "నన్ను అడుగుతున్రా?"

"నిన్నే."

అతను ఫోన్లో ఏదో వెతికి ఆమె ముఖం ముందు పెట్టాడు. పెళ్ళి పందిరి, తలంబ్రాల పళ్ళెం, పట్టుపంచెలో అర్జున్. "మా చెల్లె పెండ్లి. మంగళవారం రాత్రి, వరంగల్‌ల. ఆ పిలగాడు సచ్చిపోయినంక గద కాంట్రాక్టరు నన్ను పిలిచింది. అంతకుముందు ఈ ఊరు ఏడుందో నాకెర్కే లేదు."

సుభాషిణి ఫొటో కింద తేదీ చూసింది. ఫోన్ తిరిగిచ్చేసింది. అర్జున్ కాకపోతే ఇంకెవరు?

"సరే. నీ రిపోర్టులో ఈ మూత గురించి ఏం రాశావు?"

"తెరిచి ఉందని రాసిన. పొద్దున చూసినోళ్ళందరు అదే చెప్పిన్రు."

ఇనుప మూత గోడకి ఆనించి ఉంది, లోపలివైపు గోడ కేసి. "దీని లోపలిభాగం చూశావా?"

అర్జున్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"పట్టు."

ఇద్దరూ కలిసి మూతని తిప్పారు. లోపలివైపంతా దట్టంగా తుప్పు. మధ్యలో మాత్రం అరచేతి మేర తుప్పు రాలిపోయి ఇనుము మెరుస్తోంది. దాని చుట్టూ నల్లటి మరకలు ఎండిపోయి ఉన్నాయి.

"పోస్ట్‌మార్టంలో కుడిచేతి కణుపులు చెక్కుకుపోయాయని రాశారు," అంది సుభాషిణి. "పడ్డప్పుడు తగిలిన దెబ్బలనుకున్నారు. మూత తెరిచే ఉంటే లోపలినుంచి దాన్ని కొట్టింది ఎవరు? పొద్దున వచ్చి తెరిచిపెట్టింది ఎవరు?"

అర్జున్ మరకల మీదికి చెయ్యి పోనిచ్చి, తాకకుండానే వెనక్కి తీసుకున్నాడు.

ఆమె గట్టు మీద బోర్లా పడుకుని టాంకులోకి తొంగి చూసింది. నీళ్ళు రోజూ ఉండే మట్టం దగ్గర పచ్చటి పాచి గీత. దానికి చాలా పైన, మూత అంచు కిందే, ఇంకో గీత ఉంది. సన్నటి ఒండ్రు, కొత్తది. ఎక్కువైన నీళ్ళు పోవడానికి పెట్టిన గొట్టం మూతిలో గోనెపీచు ఇరుక్కుని ఉంది.

"గొట్టం కుక్కేసి, కాలువ తూము ఎత్తేశారు. నిచ్చెన పట్టుకుని పైకొచ్చాడు పాపం. నీళ్ళూ వాడి వెంటే పైకొచ్చాయి."

"మేడమ్..." అర్జున్ గొంతులో ఇందాకటి వెటకారం లేదు.

"ఇంకోటి చెప్పు. ఈ పైపు వేసింది మీ కాంట్రాక్టరే కదా. అతుకులకి ఏం గమ్ వాడారు?"

"గమ్మా? దీనికి గమ్ అంటదు. ఇది నల్ల పైపు, వేడిచేసి అతుకుతరు. గమ్ ఇంట్ల వాడే తెల్ల పైపులకు. లైను మొత్తం మీద తెల్ల పైపు ఎక్కడ లేదు, నేను చూసిన."

"సాకేత్ వేళ్ళకి గమ్ ఉంది. తడి ఆరని అతుకేదో చేత్తో తడిమి చూశాడు. ఎక్కడో తెల్ల పైపు ఉంది."

అర్జున్ ఏదో అనబోయి ఆగిపోయాడు. అతను చూస్తున్నది టాంకు లోపలికి. సుభాషిణి కూడా వంగి చూసింది. పాచి గీత కింద తడి గోడ కొద్దికొద్దిగా బయటపడుతోంది. నీళ్ళు దిగుతున్నాయి.

"ఇవాళ కాలువ వంతు లేదు," అంది ఆమె. "తూము మూసే ఉంది. ఏ పొలంలోనూ ఎవరూ నీళ్ళు కట్టడం లేదు. మరి ఈ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి?"

ఇద్దరూ పూడ్చిన బోదె మీదుగా కిందికి నడిచారు. రెండు పొలాలు దాటాక గడ్డి మొలవని చోటు కనబడింది. సన్నటి కందకం తవ్వి మళ్ళీ పూడ్చిన ఆనవాలు. అది బోదెని వదిలి, పక్కనున్న ఎత్తయిన గోడ కిందికి పోయింది. గోడ అవతల మోటారు గట్టిగా మోగుతోంది.

బోదె ఉన్న రోజుల్లో ఈ దొంగతనం సాగేది కాదు. ఎవడు గండికొట్టినా ఊరంతా చూసేది, కర్రలు పట్టుకొచ్చేది. మూసిన పైపులో ఎవడు ఎంత తోడాడో ఎవరికీ కనబడదు. చివర ధార సన్నబడటం తప్ప. గుర్గావ్ అపార్ట్‌మెంట్లకి నీళ్ళమ్మే ట్యాంకర్లు ఎక్కడ నిండుతున్నాయో సుభాషిణికి అర్థమైంది.

అర్జున్ గేటు మీద దబదబా బాదాడు. "పోలీస్! ఖోలో!"

అది అబద్ధమే. వాచ్‌మన్ మాత్రం గేటు తీశాడు. వెనక ఆకుపచ్చ ట్యాంకరు, దాని నోట్లోకి లావుపాటి గొట్టం. నేలలోంచి తెల్ల పైపు పైకి తేలి ఉంది.

"ఎవరు నింపుకోమన్నారు?" అర్జున్ హిందీలో గద్దించాడు.

వాచ్‌మన్ చేతులు జోడించాడు. "నాదేం లేదు సాబ్. నాలుగు రోజుల్నించి ఆపేశాం. ఇందాకే రావ్ సాబ్ ఫోన్ చేశారు. ఢిల్లీ మేడమ్ వెళ్ళిపోయింది, ఇక నింపుకోండి అన్నారు."

సుభాషిణి ఫోన్ బయటికి తీసింది.

తాను వెళ్ళిపోతున్నట్టు ఒక్కరికే చెప్పింది.

"ఏ రావ్ సాబ్?" సుభాషిణి వాచ్‌మన్ ముందుకొచ్చింది. "యాదవులా? ఏ ఊరు?"

"కాదు మేడమ్. ఇక్కడి రావ్‌లు కారు. మద్రాసీ. ద్వారకాలో ఉంటారు. చాలా నెమ్మదైన మనిషి."

"మేడమ్, సదాశివరావా?" అన్నాడు అర్జున్. "మీకు పైసలిస్తున్న సారు?"

ఆమె వినిపించుకోలేదు. జెనీఫర్ నంబరు నొక్కుతోంది. రింగు మోగుతుంటే ఒక్కొక్కటే అర్థమవుతున్నాయి. సాకేత్‌కి ఉద్యోగం ఇప్పించింది ఈ పైపు కోసమే. ఊరిని ఒప్పించడానికి ఒక మంచివాడు కావాలి. ఆ మంచివాడు తెల్ల పైపుని పట్టుకున్నాడు. ఆవ చేలో పరిగెత్తింది ఎవరో తెలుసుకోవడానికి ఒక డిటెక్టివ్ కావాలి. ఆ డిటెక్టివ్ తానే. పేరు చెప్పింది, ఉన్న చోటు చెప్పింది, గొంతు గుర్తుపడుతుందని కూడా చెప్పింది.

"హలో ఆంటీ."

"జెన్నీ, తలుపు వేసుకో. ఎవరొచ్చినా తీయకు."

"అదేంటాంటీ? మీరే పంపించారట కదా, అంకుల్ వచ్చారు. సుమన్‌ని ఇంకా సేఫ్ ప్లేస్‌కి తీసుకెళ్తానంటున్నారు. ఇంకొకతను కూడా ఉన్నాడు, డ్రైవరేమో."

"లోపలికొచ్చేశారా?"

"ఆ. కూర్చున్నారు. కానీ ఆంటీ..." జెనీఫర్ గొంతు తగ్గించింది. "సుమన్‌కి ఏమైందో తెలీట్లేదు. అంకుల్ మెట్ల మీద నాతో రెండు మాటలు మాట్లాడగానే బాత్‌రూమ్‌లోకెళ్ళి గడియ పెట్టేసుకుంది. పిలిస్తే పలకట్లేదు."

సుభాషిణి కళ్ళు మూసుకుంది. "నా మాట విను. నవ్వుతూనే విను. ఆ టాంకు దగ్గర ఉన్నది ఆయనే. ఏదో వంక పెట్టి బయట సందులోకి వెళ్ళు, గట్టిగా అరువు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. పక్కన అర్జున్ తన ఫోన్లో పోలీసు కంట్రోల్ రూమ్‌కి బేర్ సరాయ్, బేర్ సరాయ్ అని అరుస్తూ తన కారు వైపు పరిగెత్తుతున్నాడు. ఇక్కడినుంచి అక్కడికి ఎంత వేగంగా పోయినా గంట పైనే.

"ఎవరమ్మా? సుభాషిణి గారేనా?" ఫోన్లో వేరే గొంతు దగ్గరవుతోంది. నెమ్మదిగా, పసిపిల్లని బుజ్జగిస్తున్నట్టు. "ఇలా ఇవ్వు తల్లీ, నేను మాట్లాడతా."

ఫోన్ చేతులు మారింది.

"సుభాషిణి గారూ," అన్నాడు సదాశివరావు. "ఢిల్లీ బయల్దేరుతున్నానన్నారు కదమ్మా. మరి నా మోటారు చప్పుడు వినబడుతోందేం?"

అతని వెనకాల, ఆ ఇరుకు గదిలో, బయటి తలుపుకి ఎవరో గడియ వేశారు.